నెత్తుటి పన్నూ, పగకి పుట్టిన పిల్లా

బొమ్మల పుస్తకం మీద వ్యాసమా అని మన సభ్యుల్లో కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. చందమామ చదివి పెరిగిన వాళ్ళు ఆ మాట అనకూడదు గాని, అంటారు. వపా ముఖచిత్రాలనీ, శంకర్ గీసిన విక్రమార్కుడి భుజం మీది శవాన్నీ తలుచుకుని మురిసిపోయే పెద్దలే, అదే పని జపాను వాడు చేస్తే పిల్లల వ్యవహారం అని తోసి పారేస్తారు. నేను చెప్పబోయేది మాత్రం పిల్లల పుస్తకం కాదు. ఇంట్లో పదహారేళ్ళ లోపు వాళ్ళుంటే దీన్ని బల్ల మీద వదలకండి. ఆ సంగతి ముందే చెప్పి ఒడ్డున పడుతున్నాను.

పుస్తకం పేరు 'షురాయుకిహిమె'. కథ కజువో కొయికెది, బొమ్మలు కజువో కమిమురావి. 1972, 73లలో 'వీక్లీ ప్లేబాయ్' అనే జపాను వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. అమెరికాలో ఆ పేరుతో వచ్చిన పత్రికకీ దీనికీ సంబంధం లేదు గాని, ఇదీ మగవాళ్ళ పత్రికే. 2005, 2006లలో డార్క్ హార్స్ వారు 'లేడీ స్నోబ్లడ్' అని నాలుగు సంపుటాలుగా ఇంగ్లీషులో వేశారు. నాకు జపనీస్ రాదు కనుక నేను చదివింది ఆ ఇంగ్లీషే.

ముందు పేరు దగ్గర ఒక నిమిషం ఆగాలి. స్నో వైట్ కథని జపాను వాళ్ళు 'షిరాయుకిహిమె' అంటారు, తెల్లమంచు రాకుమారి అని. కొయికె ఆ 'షి'కి గుడి తీసేసి కొమ్ము పెట్టాడు. 'షురా' అయింది. షురా అంటే ఎవరో కాదు, మన అసురుడే. బౌద్ధంతో పాటు సంస్కృతం నుంచి చైనా మీదుగా జపాను చేరి, వాడుకలో ముందున్న 'అ' రాలగొట్టుకున్నాడు. మనకి ఆ 'అ' పోతే రాక్షసుడు కాస్తా దేవుడైపోతాడు. వాళ్ళకి పోయినా రాక్షసుడు రాక్షసుడే! బౌద్ధులు చెప్పే ఆరు గతుల్లో అసుర గతి ఒకటి. కోపమూ, కలహమూ తప్ప మరొకటి ఎరగని లోకం అది.

ఇది మాటల గారడీ అనుకుని ఊరుకోవచ్చు. కాని గ్రిమ్ సోదరుల కథ మొదలు ఒకసారి గుర్తు చేసుకోండి. మంచు కురుస్తూంటే కిటికీ దగ్గర కుట్టుపని చేసుకుంటున్న రాణికి వేలిలో సూది దిగుతుంది. మూడు చుక్కల నెత్తురు మంచు మీద పడుతుంది. ఇంత తెల్లగా, ఇంత ఎర్రగా, కిటికీ చట్రపు కర్రంత నల్లగా ఒక బిడ్డ కావాలని ఆమె కోరుకుంటుంది. బిడ్డ పుడుతుంది, తల్లి పోతుంది. కొయికె ఈ మొదటి పేరా ఉంచుకుని, మరుగుజ్జులతో సహా తక్కిన కథంతా గాలికి వదిలేశాడు. అతని రాణి పేరు సయో. కిటికీ ఉన్నది జైలు గోడకి.

సయో భర్త బడిపంతులు. ఉద్యోగానికని కొత్త ఊరు వెళ్ళినప్పుడు నలుగురు దుర్మార్గులు, వాళ్ళలో ఒక ఆడది, అతన్నీ చిన్న కొడుకునీ చంపి ఆమెని చెరుస్తారు. ఆ నలుగురిలో ఒకణ్ణి ఆమె తన చేతులతో చంపుతుంది. యావజ్జీవ శిక్ష పడుతుంది. తక్కిన ముగ్గురూ బయట హాయిగా తిరుగుతున్నారు. జైలు నుంచి వాళ్ళని అందుకునే దారి ఆమెకి ఒక్కటే కనబడింది, బిడ్డని కనడం. కావలివాళ్ళని తన దగ్గరకి రప్పించుకుని గర్భం తెచ్చుకుంది. మంచు కురిసే రాత్రి ఆడపిల్ల పుట్టింది, తల్లి కన్నుమూసింది. ఆ పిల్ల పేరు యుకి. యుకి అంటే మంచు. జైలు నుంచి బయటపడ్డ ఒక ఖైదీ ఆమెని పెంచుతుంది, ఒక సన్యాసి కత్తి నేర్పుతాడు. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి యుకి డబ్బు పుచ్చుకుని మనుషుల్ని చంపుతూంటుంది. ఆ డబ్బుతో ఆ ముగ్గురి ఆచూకీ తీస్తూంటుంది. కత్తి గొడుగు కర్రలో ఉంటుంది. 1876లో మెయ్‌జి ప్రభుత్వం పోలీసులూ, సైనికులూ తప్ప తక్కినవాళ్ళు కత్తి కట్టుకుని తిరగరాదని శాసించింది కనుక, ఆ గొడుగు వేషం కోసం పెట్టినది కాదు, చరిత్ర పెట్టించినది.

ఈ కథలో నన్ను పట్టి కూర్చోబెట్టినది పంతులు గారి చావు. ఆయన తెల్లబట్టల్లో ఊళ్ళోకి వస్తాడు. తెల్లబట్టలు వేసుకున్న వాణ్ణి చూసి జనం ఎందుకు బెదరాలి? ఇది కొయికె కల్పన కాదు. 1872 చివర జపాను ప్రభుత్వం నిర్బంధ సైనిక సేవ గురించి ఒక ప్రకటన వెలువరించింది. 1873 జనవరిలో చట్టం వచ్చింది. ఇరవై ఏళ్ళు నిండిన కుర్రాడు మూడేళ్ళు సైన్యంలో చేయాలి. ఇంటి యజమానికీ, వారసుడికీ మినహాయింపు. 270 యెన్లు కట్టగలవాడికీ మినహాయింపే. ఆ రోజుల్లో అది రైతు కంటికి ఆనని సొమ్ము. దేశానికి ప్రాణంతో ఋణం తీర్చడాన్ని పాశ్చాత్యులు రక్తపు పన్ను అంటారని ఆ ప్రకటనలో ఏ పండితుడో ముచ్చటపడి వ్రాశాడు. ఫ్రెంచి వాళ్ళ నుడికారం అది. పల్లెల్లో దాన్ని అక్షరాలా అర్థం చేసుకున్నారు. నెత్తురు పిండి తెల్లదొరలకి అమ్ముతారని, వాళ్ళు తాగే ఎర్ర సారా అదేనని పుకార్లు పుట్టాయి. ఇప్పటి ఒకయామాలో భాగమైన మిమసాకాలో, నెత్తురు తీసేవాళ్ళు తెల్లబట్టలు వేసుకు వస్తారని చెప్పుకున్నారు. 1873 వేసవిలో తిరుగుబాట్లు లేచాయి. కగావాలో బడులు తగలబెట్టారు.

తెల్లకోటు వేసుకుని రోజూ జనం నెత్తురు తీయించే ఉద్యోగం నాది. అందుచేత ఆ రైతుల్ని చూసి నవ్వలేకపోయాను. హౌస్ సర్జన్ రోజుల్లో ఒక సీసా నెత్తురు కావాలని అడగగానే వరండాలో ఉన్న బంధుకోటి అంతా ఎలా మాయమయ్యేదో మనలో డాక్టర్లందరికీ తెలుసు. పైవాడు వాడిన మాట కిందవాడికి ఎలా వినబడుతుందో పైవాడికి ఎన్నడూ పట్టదు. ఒక్క నుడికారం తిన్నగా వెళ్ళి ఒక మనిషి మెడకి ఎలా చుట్టుకుంటుందో కొయికె చూపించాడు. అతని పుస్తకాలు వంద అమ్ముడుపోయి ఉండవచ్చు, ఇంత మంచి ఆలోచన మళ్ళీ వచ్చి ఉండదు.

కాని ఇక్కడే నా ఫిర్యాదు కూడా. మిమసాకాలో జనం ఆఫీసుల మీద పడి ఊరుకోలేదు. అంతకు రెండేళ్ళ ముందు, 1871లో, ప్రభుత్వం అంటరాని కులాల పేర్లు రద్దు చేసి అందరూ సమానమేనంది. ఆ కులాల వాళ్ళు పాత వంగి దండాలు మానేశారు. తిరుగుబాటు చేసిన రైతులు వెళ్ళి వాళ్ళ వాడలు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు. 1985లో కారంచేడు గురించి చదివిన వాళ్ళకి ఇందులో ఏమీ వింతగా తోచదు. కొయికె ఇదంతా వదిలేశాడు. అతని కథలో పల్లె జనం పాపం అమాయకులు, చెడ్డవాళ్ళు ఆ నలుగురే. పగ కథకి లెక్కపెట్టగల శత్రువులు కావాలి మరి. ఊరు ఊరంతా చేసిన దానికి ఏ గొడుగులో కత్తి చాలుతుంది?

మనకి ఈ కథ కొత్త కాదు. ద్రోణుడి చేతిలో పరాభవం పొందిన ద్రుపదుడు, అతన్ని చంపే కొడుకు కావాలని యజ్ఞం చేశాడు. అగ్నిలోంచి ధృష్టద్యుమ్నుడు కవచంతో, కత్తితో లేచి వచ్చాడు. నువ్వు పుట్టింది ఇందుకూ అని లోకమంతా చెప్పింది గాని, నాయనా నీకేం కావాలి అని అతన్ని ఎవరూ అడగలేదు. చంపవలసిన ఆ గురువు దగ్గరే విలువిద్య నేర్చుకున్నాడు. యుకిని కూడా ఎవరూ అడగరు. ఆమె కూడా తనని తాను అడుక్కోదు. నాలుగు సంపుటాల్లో ఆమె మనసులోకి మనల్ని పోనివ్వకపోవడం లోపమని మొదట తోస్తుంది. రెండోసారి చదివితే, లోపల గది కట్టకుండానే ఇల్లు కట్టారని తెలుస్తుంది.

2000లో ఇక్కడే అమెరికాలో ఒక బిడ్డ పుట్టాడు. అతని అక్కకి ఫాంకోనీ ఎనీమియా అనే మజ్జ జబ్బు. తల్లిదండ్రులు ప్రయోగశాలలో పిండాల్ని పరీక్ష చేయించి, జబ్బు లేనిదీ, అక్కకి కణజాలం సరిపడేదీ ఎంచుకున్నారు. పుట్టిన బిడ్డ బొడ్డుతాడు నెత్తురు అక్కకి ఎక్కించారు. అప్పట్లో పెద్ద రగడ జరిగింది, ఒక బిడ్డని మరొకరికి మందుగా కనవచ్చునా అని. కనవచ్చుననే నా అభిప్రాయం. ఆ బిడ్డ బాకీ పుట్టిన నాడే, అతనికి నొప్పి లేకుండా, పారేసే బొడ్డుతాడుతో తీరిపోయింది. ఆ తరువాతి బతుకు అతనిది. యుకి బాకీ మాత్రం పుట్టిన నాడు మొదలైంది. ఈ రెండు కొసలకీ నడుమ ఎక్కడో మనమంతా ఉన్నాం. ఉయ్యాలలో ఉండగానే 'డాక్టరు బాబు', 'డాక్టరమ్మ' అని పిలిపించుకున్న వాళ్ళం మన సంఘంలో ఎంతమందిమో చేతులెత్తితే హాలు సరిపోదు. సయో లాంటి అమ్మ మనకెవరికీ లేదు, దేవుడి దయ. అయినా ఆ జైలు ప్రసవం పుటలు చదువుతూంటే, ఎవరి కోరిక ఎవరి ఒంట్లో పెరిగిందా అని ఒక్క క్షణం అనిపించకపోదు.

బొమ్మల గురించి ఎంత చెప్పినా తక్కువే. కమిమురా 1986లో, నలభై అయిదేళ్ళకే పోయాడు. పాత జపాను చెక్క అచ్చుల్లోని ఆడవాళ్ళ మెడ వంపు, జారే కిమోనో అంచు అతని గీతలో ఉన్నాయి. మంచు గీయడానికి అతను గీసేదేమీ ఉండదు, కాగితం వదిలేస్తాడు. నెత్తురు కూడా నల్ల సిరాయే. గ్రిమ్ రాణి కోరిన మూడు రంగుల్లో రెండే మిగిలాయి, ఎరుపు మనం పోసుకోవాలి. ఈ పొదుపు 1973లో తోషియా ఫుజితా తీసిన సినిమాలో లేదు. అందులో నెత్తురు పూలతోటకి నీళ్ళు పెట్టినట్టు చిమ్ముతుంది. రక్తపోటు 120 మిల్లీమీటర్ల పాదరసం అంటే, తెగిన పెద్ద ధమని నుంచి నెత్తురు మహా అయితే అయిదడుగులు లేస్తుంది. ఫుజితా వారి ఆరోగ్యవంతులకి పోటు ఎంతో లెక్క కట్టబోయి మానేశాను.

చెడ్డ సంగతులూ చెప్పాలి. నడిమి అధ్యాయాలు చాలా ఒకే అచ్చు: ఒకడు వచ్చి పని ఒప్పగిస్తాడు, యుకి ఏదో వేషం వేస్తుంది, బట్టలు ఊడతాయి, కత్తి దూస్తుంది. చరిత్ర నేపథ్యం ఒక్కోసారి తెర మీద బొమ్మలా వెనక వేలాడుతుంది. బట్టలు ఊడడానికి కథలో కారణం చాలాసార్లు ఉండదు, పత్రిక చందాదారుల్లోనే ఉంటుంది. సయో మీద జరిగిన అత్యాచారాన్ని కూడా అదే కన్నుతో గీయడం నాకు మింగుడు పడలేదు. ఆమె కోపం మన చేత మోయించదలచిన రచయిత, ఆమె ఒంటిని మన చేత అలా చూపించకూడదు.

ఒక విషయంలో మాత్రం సినిమా చేసిన పని ఎన్నదగినది. మిగిలిన శత్రువుల్లో బన్‌జొ అనేవాడు ముసలివాడై, తాగుడుకి బానిసై, కూతురి సంపాదన మీద బతుకుతూంటాడు. వాణ్ణి చూస్తే నాకు శత్రువు కనబడలేదు, పాడైన కాలేయం కనబడింది. యుకి సముద్రం ఒడ్డున వాణ్ణి నరుకుతుంది. వాడి కూతురు కొబుయె తండ్రి కోసం వెతుక్కుంటుంది. యుద్ధం ముగిశాక అర్ధరాత్రి పాండవ శిబిరంలో దూరి, నిద్రపోతున్న ధృష్టద్యుమ్నుణ్ణి చంపినది ద్రోణుడి కొడుకే కదా. సినిమా చివర మెయికో కాజి, అంటే యుకి, పని అంతా ముగించుకుని గాయాలతో మంచులోకి వస్తుంది. కొబుయె ఎదురు వచ్చి పొడుస్తుంది. ఆ పిల్లని ఎవరూ పగకని కనలేదు, ఎవరూ కత్తి నేర్పలేదు. చేతులు వణుకుతూనే ఉంటాయి.