డైరెక్టరీలో లింగాల ఎక్కడ?

ఉద్యోగి పేరు, హోదా, ఈమెయిల్, పాస్‌వర్డ్, ఏయే ఫైళ్లు తెరవవచ్చన్న అనుమతులు ఒక్కచోట రాసిపెడితే, మెయిల్ సర్వర్ నుంచి ప్రింటర్ దాకా అన్నీ అక్కడే చూసుకునే ఏర్పాటు డైరెక్టరీ సర్వీస్. 1988 నాటి ఎక్స్.500 ప్రమాణం దీనికి పునాది. చిన్న కంప్యూటర్లకు అది మోయలేని బరువు కావడంతో, మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హోవ్స్, ఆయన సహచరులు దాన్ని తేలిక చేసి 1993లో ఎల్‌డాప్‌ను ముందుకు తెచ్చారు. విండోస్ 2000తో వచ్చిన యాక్టివ్ డైరెక్టరీ మాట్లాడేదీ ఆ భాషే.

ఇందులో వివరాలన్నీ చెట్టు కొమ్మల్లా ఉంటాయి. జిల్లాల వారీగా కొమ్మలు వేసుకున్న సంస్థ ఒకటి ఉందనుకుంటే, అక్కడి ఉద్యోగి పూర్తి చిరునామా ఒకప్పుడు ‘ఫలానా వ్యక్తి, లింగాల, మహబూబ్‌నగర్’. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో కొత్త జిల్లాలు వచ్చాయి. వనపర్తి, గద్వాల జిల్లా కేంద్రాలయ్యాయి. లింగాల నాగర్‌కర్నూల్‌లో చేరింది. మనిషి అదే కుర్చీలో ఉన్నా చిరునామా మారిపోయింది.

యాక్టివ్ డైరెక్టరీ దీనికి ముందే సిద్ధపడి ఉంది. ప్రతి ఖాతాకూ ఎన్నడూ మారని గుర్తింపు సంఖ్య ఒకటి ఇస్తుంది. లింగాల కొమ్మను మొత్తంగా నాగర్‌కర్నూల్ కిందికి జరిపినా ఆ సంఖ్య చెక్కుచెదరదు. ఫైళ్ల అనుమతులు ఖాతా భద్రతా సంఖ్యతో ముడిపడి ఉంటాయి కాబట్టి అవీ అలాగే ఉంటాయి. ఇబ్బందల్లా పాత చిరునామాను అక్షరం అక్షరం తమలో దాచుకున్న ఇతర సాఫ్ట్‌వేర్లతోనే. జీతాల ప్రోగ్రామ్ ‘మహబూబ్‌నగర్’ కింద వెతికి, అలాంటి ఉద్యోగి లేడంటుంది. అందుకే జిల్లాను కొమ్మగా కాక, ఉద్యోగి వివరాల్లో ఒక గడిగా పెట్టడమే మేలు. సరిహద్దులు మారినప్పుడు గడి దిద్దితే సరిపోతుంది.

డైరెక్టరీలో రాసేది తక్కువ, చదివేది చాలా ఎక్కువ. అందుకే దూరపు శాఖల్లోనూ ప్రతులు ఉంచుతారు. హైదరాబాద్‌లో చేసిన మార్పు మరో ఊరి ప్రతికి చేరడానికి, అమరిక ముట్టుకోకపోతే, మూడు గంటల దాకా పడుతుంది. ఉద్యోగం మానేసిన వ్యక్తి ఖాతా మూసేటప్పుడు ఈ జాప్యం చిన్నదేమీ కాదు. ఆ విరామాన్ని 15 నిమిషాల వరకు తగ్గించుకోవచ్చు.

తొలగించిన ఖాతా ఆనవాలు కూడా కొంతకాలం ఉంటుంది, తొలగింపు కబురు అన్ని ప్రతులకూ అందాలి కనుక. ఇప్పటి విండోస్ సర్వర్లలో ఆ గడువు మామూలుగా 180 రోజులు. అంతకు మించి ఆపేసి ఉంచిన శాఖ సర్వర్‌ను తిరిగి కలిపితే, తీసేసిన ఖాతాలు దాని ప్రతిలో అలాగే మిగిలి ఉంటాయి. దాన్ని నెట్‌వర్క్‌కు కలపకుండా, డైరెక్టరీని మొదటి నుంచి మళ్లీ ఎక్కించాలి.