భక్తి చాటున అధికారం: రెండు సినిమాలు

మతం ముసుగులో జరిగే అఘాయిత్యాల మీద మన దగ్గర వచ్చే సినిమాలు ఎక్కువగా ఒకే దారిలో నడుస్తాయి. ఒక దొంగ స్వామి ఉంటాడు. చివర్లో హీరో వచ్చి అతని గుట్టు రట్టు చేస్తాడు. చెడ్డవాడి పని అయిపోయిందని మనం ఇంటికొస్తాం. ఆ స్వామికి అంత బలం ఎవరిచ్చారు, ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు నోరు విప్పలేదు అన్న ప్రశ్నలు అలాగే మిగిలిపోతాయి. ఆ ప్రశ్నలను వదలకుండా పట్టుకున్న రెండు సినిమాల గురించి రాస్తున్నాను. ఒకటి కెనడా కథ. రెండోది బొలీవియాలో జరిగిన ఘోరం నుంచి పుట్టిన కథ. మన ఆదివాసీ యువత, అందులోనూ హాస్టల్ పిల్లలతో పనిచేసే టీచర్లు, చూడవలసినవి.

మొదటిది 2017లో వచ్చిన 'ఇండియన్ హార్స్'. ఒజిబ్వే ఆదివాసీ రచయిత రిచర్డ్ వాగమీస్ నవల దీనికి ఆధారం. సాల్ అనే పిల్లవాడిని దాచిపెట్టాలని అవ్వ అడవిలోకి తీసుకుపోతుంది. ఆమె చనిపోయాక వాడిని చర్చి వాళ్ళు నడిపే బడికి పట్టుకుపోతారు. జుట్టు కత్తిరిస్తారు. సొంత భాష మాట్లాడితే శిక్షిస్తారు. ఆ కర్కశుల మధ్య ఒక్క యువ ఫాదర్ మాత్రం ఆప్యాయంగా ఉంటాడు. మంచు మీద ఆడే హాకీకి దారి చూపిస్తాడు. సాల్ గొప్ప ఆటగాడవుతాడు. ఎంత ఆడినా లోపల కోపం చల్లారదు, తాగుడు మొదలవుతుంది. ఎందుకో సినిమా చివరికొచ్చాక గానీ మనకు తెలియదు. ఆ పిల్లవాడిని పాడుచేసింది ఆ మంచి ఫాదరే.

సినిమా బలమంతా ఇక్కడే ఉంది. సాల్ నమ్మినట్టే మనమూ ఆయన్ని నమ్మాం. కొట్టేవాడిని పిల్లలు గుర్తుపడతారు. అమ్మానాన్న దూరమై, భాష పోయి, దిక్కులేనప్పుడు చెయ్యి పట్టుకున్నవాడే కాటేస్తే ఎవరికి చెప్పుకుంటారు? 'తాగుబోతు' అని లోకం వేసే ముద్రను ముందు చూపించి, దాని వెనకున్న గాయాన్ని తర్వాత చూపించడం నాకు నచ్చింది. మన కుర్రాళ్ళ మీదా ఆ ముద్ర సులువుగానే పడుతుంది. లోపం లేకపోలేదు. హాకీ ఆట చాలాసేపు నడుస్తుంది, బడిలో సాల్ తోటి పిల్లల బాధలు మాత్రం గబగబా దాటిపోతాయి.

ఇది ఒక్క ఫాదర్ కథ కాదు. కెనడాలో ఇలాంటి బడులను ప్రభుత్వం డబ్బుతో చర్చిలు నడిపాయి. సుమారు 1,50,000 మంది ఆదివాసీ పిల్లలు వాటిలో పెరిగారు. 2008లో ఆ దేశ ప్రధాని, 2022లో పోప్ ఫ్రాన్సిస్ క్షమాపణ చెప్పారు. పిల్లల్ని ఇంటికి దూరం చేసింది సర్కారు, వాళ్ళ మీద పెత్తనం చేసింది చర్చి. ఆ రెండూ కలిసినచోట పిల్లవాడి మాట వినేవాళ్ళే లేకపోయారు.

రెండోది 2022లో సారా పోలీ తీసిన 'విమెన్ టాకింగ్'. మిరియం టేవ్స్ నవల దీనికి మూలం. బొలీవియాలో మెన్నోనైట్లు అనే క్రైస్తవ సమాజం వాళ్ళు విడిగా ఊళ్ళు కట్టుకుని బతుకుతారు. అలాంటి ఒక ఊళ్ళో పశువులకిచ్చే మత్తుమందు వాడి, రాత్రిళ్ళు ఆడవాళ్ళను చెరిచారు. బాధితులు వందమందికి పైగానే. 2011లో కోర్టు దోషులకు జైలుశిక్ష వేసింది. సినిమాలో ఆ ఆడవాళ్ళకు పెద్దలు చెప్పిన మాట ఏమిటి? ఇది దయ్యాల పని, లేదా మీ ఊహ. దొంగలు దొరికాక ఇంకో మాట చెప్పారు: క్షమించండి, లేకపోతే మీకు స్వర్గం లేదు.

ఊరి మగవాళ్ళు పట్నం పోయి తిరిగొచ్చేలోపు కొందరు ఆడవాళ్ళు గడ్డి అటకమీద కూర్చుని తేల్చుకోవాలి. ఊరుకోవడమా, ఉండి పోరాడడమా, ఊరు వదలడమా? వాళ్ళకు చదువు రాదు. బొమ్మల కింద గుర్తులు పెట్టి ఓటేస్తారు. చదువు లేని ఆడవాళ్ళు ఇంత తీర్చిదిద్దినట్టు మాట్లాడతారా అని కొన్నిచోట్ల అనిపిస్తుంది. కానీ వాళ్ళు దేవుణ్ణి వదలలేదు. ప్రార్థన చేస్తూ, పాటలు పాడుతూనే పెద్దల పెత్తనాన్ని కాదన్నారు. నమ్మకం వేరు, నమ్మకం పేరుతో నోరు నొక్కడం వేరు అని ఇంత తేటగా చెప్పిన సినిమా నేను చూడలేదు.

ఆ అటకమీద ఒక్క మగవాడు ఉంటాడు, ఆగస్ట్. ఊళ్ళో మగపిల్లలకు బడిపంతులు. వాళ్ళు మాట్లాడుకునేది రాయడమే అతని పని. తీర్పు చెప్పడు, నాయకత్వం చెయ్యడు. సాల్ బడిలో అలాంటివాడు ఒక్కడూ లేడు. రెండు సినిమాలకూ మధ్య నాకు కనిపించిన అసలు తేడా ఇదే.

ఇప్పుడు మన సంగతి. మన పిల్లలూ ఏడెనిమిదేళ్ళకే గూడెం వదిలి ఆశ్రమ పాఠశాలకో, మిషన్ హాస్టల్‌కో వస్తారు. ఇంటి భాష ఒకటి, బడి భాష ఇంకొకటి. పెద్దలకు ఎదురు చెప్పొద్దని మనమే నేర్పుతాం. ఆడపిల్ల ఉన్నట్టుండి మాట మానేస్తే దయ్యం పట్టిందంటాం, పూజారి దగ్గరకో పాస్టర్ దగ్గరకో పంపిస్తాం. ఆ బొలీవియా పెద్దలు చెప్పిందీ ఇలాంటి మాటే కదా. కెనడా చర్చిని తిట్టి మన వేల్పుల పేరుతో, మన స్వాముల పేరుతో జరిగేవాటికి కళ్ళు మూసుకుంటే ఈ సినిమాలు చూసి లాభం లేదు.

2012 పోక్సో చట్టం ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం కూడా నేరమే. 1098కి ఫోన్ చేస్తే సాయం అందుతుంది. ఆ నంబరు ప్రతి హాస్టల్ గోడ మీద పిల్లలకు అందే ఎత్తులో రాయించాలి. ఈ సినిమాలు చిన్నపిల్లలకు వద్దు. పై తరగతులు దాటిన యువత, టీచర్లు కలిసి కూర్చుని చూడండి. అయ్యాక వెంటనే లేచిపోకండి, మాట్లాడుకోండి. ఆ తర్వాత ఏ పిల్లైనా, పిల్లవాడైనా తన భాషలో ఏదో చెప్పబోతే, ఆ భాష మీకు రాకపోతే, వచ్చినవాళ్ళను వెంటనే పిలిపించండి. అడ్డు తగలకుండా వినండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.