బండి సిద్ధం, సీ బుక్కేది?

పాత జీపుకు సామాను కావాలంటే జనగామవాళ్లకు హైదరాబాద్ రాణిగంజ్ దగ్గర. మానుకోట (మహబూబాబాద్)లో రైలెక్కితే విజయవాడ ఆటోనగర్ ఒక పూట ప్రయాణం. భూపాలపల్లివాళ్లు ముందు వరంగల్ ఆటోనగర్‌లో వెతికి, అక్కడ దొరక్కపోతేనే ఇంకో ఊరి మాట ఎత్తుతారు. కార్బరేటరో, డైనమోనో, హెడ్‌లైటు రింగో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. దొరకనిదాన్ని లేత్ మీద తీయించుకోవచ్చు. ఏ లేత్ మీదా తీయలేని సామాను ఒక్కటే ఉంది: సీ బుక్కు.

ఇంటి వెనక షెడ్డులో పడి ఉన్న బండిని బాగుచేసి రోడ్డెక్కించాలని సరదా పడేవాళ్లు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ కనిపిస్తున్నారు. తాత నడిపిన అంబాసిడర్, మిలిటరీ వేలంలో కొన్న విల్లీస్ జీపు, నాలుగు బండ్ల ముక్కలు కలిపి ఇంట్లోనే కట్టిన కారు – మూడూ చూడ్డానికి పాత బండ్లే. ఆర్టీఓ ఆఫీసు కౌంటర్ దగ్గర మాత్రం మూడింటివీ మూడు దారులు. మొదటిది కాగితాలు పోయిన బండి. రెండోది కాగితాలు ఒకలా, బండి ఇంకోలా ఉన్నది. మూడోది అసలు కాగితమే పుట్టని బండి. మన బండి ఏ రకమో తేల్చుకోకుండా రంగు డబ్బా తెరిస్తే, ఆ ఖర్చంతా షెడ్డులోనే ఉండిపోతుంది.

అందుకే తెలివైన మేస్త్రీ పానా పట్టకముందు చాసిస్ నంబరు వెతుకుతాడు. విల్లీస్ జీపుకైతే ముందు బంపర్ వెనక, ఎడమవైపు చాసిస్ పట్టీ లోపలి ముఖాన అది ఉంటుంది. దశాబ్దాల గ్రీజు, మట్టి కలిసి అక్కడ పెచ్చు కట్టి ఉంటాయి. డీజిల్‌లో ముంచిన గుడ్డతో ఆ జిడ్డును నానబెట్టి తుడవాలి. గ్రైండర్ దగ్గరికి రానివ్వకూడదు. ముతక వైర్ బ్రష్షు పెట్టినా గాటు లోతు పోతుంది. జిడ్డు వదిలాక, నున్నటి ఎమరీ కాగితంతో తేలిగ్గా రుద్ది, పైన సుద్దపొడి పులిమి అరచేత్తో తుడిస్తే పొడి గాట్లలో మాత్రమే నిలుస్తుంది. నల్లటి ఇనుము మీద అంకెలు తెల్లగా తేలతాయి. దాని మీద పలుచని కాగితం బిగించి, పెన్సిల్‌ను అడ్డంగా పట్టి రుద్దితే అచ్చు దిగుతుంది. రిజిస్ట్రేషన్‌కు పెట్టే ఫారం 20 మీద అతికించే పెన్సిల్ ప్రింట్ ఇదే. తుప్పు తిని ఒక అంకె సరిగా పడకపోతే దాన్ని అలాగే చూపించాలి. సొంతంగా పంచ్ కొట్టి దిద్దిన నంబరు తనిఖీలో బయటపడితే ఆ బండి దొంగ బండి లెక్కలోకి వెళ్తుంది.

నంబరు చేతికొచ్చాక తవ్వకం మొదలు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోకముందు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతంలో ఎక్కువ భాగం వరంగల్ జిల్లా, అంటే ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ 36. గార్ల, బయ్యారం బండ్లు ఖమ్మం కింద ఏపీ 20. మహదేవపూర్, కాటారంవి కరీంనగర్ కింద ఏపీ 15. తర్వాత భూపాలపల్లికి టీఎస్ 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27 వచ్చాయి. 2024 మార్చి నుంచి టీఎస్ స్థానంలో టీజీ వచ్చింది. బయ్యారంలో ఉన్న పాత బండి పుట్టుక మహబూబాబాద్ ఆఫీసులో దొరక్కపోతే వెతకాల్సిన చోటు ఖమ్మం అన్నమాట. పాత బీమా రసీదు, పన్ను కట్టిన టోకెన్, పెళ్లి ఫొటోలో కారు ముందు కనిపించే నంబరు ప్లేటు – ఇలాంటివే ఆ వెతుకులాటలో దారి చూపిస్తాయి. తెలియని మనిషి దగ్గర కొన్న బండైతే, నేర రికార్డుల బ్యూరో నడిపే ‘వాహన్ సమన్వయ్’లో అది దొంగతనం కేసులో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

రికార్డు దొరికిందంటే సగం గెలిచినట్టే. సీ బుక్కు పోయిందని పోలీసులకు ఫిర్యాదిచ్చి, ఫారం 26తో డూప్లికేట్ అడగొచ్చు. యజమాని చనిపోయి ఉంటే వారసులు ఫారం 31 పెట్టాలి. ప్రభుత్వ వేలంలో కొన్నవాళ్లకు ఫారం 32 ఉంది, బండి చేతికొచ్చిన 30 రోజుల్లో పెట్టాలి. మిలిటరీ నుంచి వచ్చిన బండికి ఆ శాఖ ఇచ్చిన అసలు అమ్మకం పత్రం, అంటే ఫారం 21, ఉండి తీరాలి. బొగ్గు గనుల ఊళ్లలో, ప్రభుత్వ డిపోల్లో వేలాలకు వెళ్లేవాళ్లు ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. బండిని బండిగా అమ్మారా, తుక్కు కింద తూకానికి అమ్మారా? రిజిస్ట్రేషన్ రద్దు చేసి తుక్కుగా అమ్మినదాన్ని ఎంత ముద్దుగా బాగుచేసినా, ఆ పాత నంబరు మళ్లీ లేవదు.

షెడ్డులో జరిగే పనికీ ఈ కాగితాలకూ సంబంధం లేదనుకోవడం పొరపాటు. మేస్త్రీ తీసుకునే ప్రతి నిర్ణయం సీ బుక్కును తాకుతుంది. ఏళ్ల తరబడి కదలని ఇంజన్ పట్టేసి ఉంటుంది. తొందరపడి సెల్ఫ్ కొడితే రింగులు విరుగుతాయి. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి, కొన్ని రోజులు నాననిచ్చి, ముందు నుంచి హ్యాండిల్ వేసి కొద్దికొద్దిగా అటూ ఇటూ కదపాలి. అప్పటికీ రాకపోతే హెడ్ విప్పాల్సిందే. సిలిండర్ గోడలు అరిగి ఉంటే బోర్ కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారు: మొదట ఇరవై సైజు, తర్వాత నలభై, ఆ తర్వాత అరవై. అదీ దాటిపోతే స్లీవ్ దింపి మళ్లీ మొదటి సైజుకు తెస్తారు. ఈ తతంగమంతా ఎందుకు, ఇంకో ఇంజన్ దించేస్తే పోలేదా అని అడిగేవాళ్లుంటారు. ఇంజన్ నంబరు ఉండేది బ్లాక్ మీద. బోర్ కొట్టినా స్లీవ్ వేసినా బ్లాక్ అదే, నంబరూ అదే. ఇంజన్ మారిస్తే ముందుగా అనుమతి తీసుకుని సీ బుక్కులో రాయించాలి.

మన దగ్గర చాలా జీపులు ఇక్కడే చిక్కుకుంటాయి. పెట్రోల్ ఖర్చు భరించలేక ఒకప్పుడు విల్లీస్ ఇంజన్ దించి డీజిల్ ఇంజన్ ఎక్కించినవాళ్లు ఎందరో. అప్పట్లో అది లాభసాటి పని. ఇప్పుడు అదే బండిని పాతకాలపు బండిగా చూపించబోతే అడ్డం తిరుగుతుంది.

రేకు పనిలోనూ ఇదే లెక్క. తలుపుల అడుగున, ఫుట్‌బోర్డు మూలల్లో తుప్పు పట్టిన మేరకే కోసి, అంతే మందం రేకును ఇసుక సంచి మీద పెట్టి చెక్క సుత్తితో వంపు తిప్పుతారు. గ్యాస్ వెల్డింగ్ ఒక్క గీతగా లాగితే వేడికి రేకు అలలు తిరుగుతుంది. అందుకని ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టి, చల్లారనిచ్చి, మళ్లీ మధ్యలో అతుకుతారు. తర్వాత వెనక ఇనుప దిమ్మె ఆనించి ముందు నుంచి సుత్తితో సమం చేస్తారు. ఇంత చేశాక పుట్టీ చాలా పలుచగా సరిపోతుంది. అయస్కాంతం ఆనించి చూస్తే గుట్టు తెలిసిపోతుంది: పుట్టీ దట్టంగా పూసిన చోట అది అంటుకోదు. ఇలా అతుకు వేసిన బండి పాత బండిగానే ఉంటుంది. మొత్తం బాడీ తీసేసి కొత్తది కడితే ఉండదు.

ఎందుకుండదో కేంద్రం 2021 జులై 15న ఇచ్చిన నోటిఫికేషన్ చెబుతుంది. మోటారు వాహనాల నిబంధనల్లో 81ఏ నుంచి 81జీ వరకు చేర్చిన నియమాలు వింటేజ్ బండికి మొదటిసారి దేశమంతటికీ ఒకే నిర్వచనం ఇచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులుండకూడదు. ఫారం 20కి బీమా, పాత సీ బుక్కు జతచేయాలి. విదేశం నుంచి తెచ్చినదైతే దిగుమతి పత్రం. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. రాష్ట్ర కమిటీ చూసి ఒప్పుకుంటే ప్లేటు మీద రాష్ట్రం కోడు తర్వాత ‘వీఏ’ అక్షరాలు, సిరీస్, నాలుగంకెల నంబరు వస్తాయి. ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించడానికి, రిపేరుకు బయటికి తీయొచ్చు. రోజూ బజారుకు వేసుకెళ్లడానికి, కిరాయికి తిప్పడానికి వీల్లేదు.

వయసును రిజిస్ట్రేషన్ తేదీ నుంచి లెక్కపెట్టడంతో ఇంట్లో కట్టిన బండికి మొదటి మెట్టులోనే కాలు జారుతుంది. దాని ఇంజన్ 1955దీ, చాసిస్ 1962దీ కావచ్చు. బండిగా అది ఎన్నడూ నమోదు కాలేదు కాబట్టి చట్టం దృష్టిలో దానికి పుట్టిన తేదీ లేదు. కొత్త బండిగా నమోదు చేద్దామంటే ఆరాయ్ వంటి సంస్థల పరీక్ష నెగ్గాలి. పుణెలోని ఆరాయ్, మానేసర్‌లోని ఐక్యాట్ వేల బండ్లు తీసే కంపెనీల నమూనాలు పరీక్షించడానికి ఏర్పడ్డవి. ఒక్క బండి కట్టిన మనిషికి ఆ ఖర్చు, ఆ ప్రమాణాలు అందేవి కావు. పాత నంబరు మీద కొత్త రూపం నడిపిద్దామన్నా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో మళ్లీ తేల్చి చెప్పింది. అంతకుముందు 2013లో రాజస్థాన్ కేసులో, నీళ్లు తోడే ఇంజన్‌తో ఊళ్లలో కట్టుకునే ‘జుగాడ్’ కూడా మోటారు వాహనమేననీ, రిజిస్ట్రేషన్, బీమా లేకుండా రోడ్డెక్కరాదనీ చెప్పింది.

నిబంధనలు మొదటి నుంచీ ఇంత బిగుతుగా లేవు. మహారాష్ట్రలోని ఇచల్‌కరంజిలో శంకర్‌రావు కులకర్ణి సొంతంగా తయారుచేసిన ‘మీరా’ చిన్న కారు తొలి నమూనా 1949లో రోడ్డెక్కింది. దానికి ఎంహెచ్‌కే 1906 అనే నంబరూ వచ్చింది. దశాబ్దాలపాటు మెరుగుపరిచినా కారు మార్కెట్లోకి రాలేకపోయింది గానీ, ఒక మనిషి కట్టిన బండికి నంబరివ్వడం అప్పటి ఆఫీసుకు సాధ్యమైంది. అదే రాష్ట్రంలో సాంగ్లీ జిల్లాకు చెందిన దత్తాత్రేయ లోహార్ 2021లో తుక్కుతో కిక్ కొట్టి స్టార్ట్ చేసే నాలుగు చక్రాల బండి కట్టాడు. నిబంధనల ప్రకారం అధికారులు దాన్ని ఎప్పుడో ఒకప్పుడు ఆపేస్తారంటూనే ఆనంద్ మహీంద్రా దాన్ని తీసుకుని బదులుగా బొలేరో ఇచ్చారు. మెచ్చుకోలు దక్కింది, నంబరు దక్కలేదు.

మన దగ్గర ఈ విద్యకు పెద్ద చిరునామా హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియం. కె. సుధాకర్ తుక్కు సామానుతో కట్టిన వంకాయ, బర్గర్, బూటు, కెమెరా, క్రికెట్ బంతి ఆకారాల కార్లు 2010 నుంచి అక్కడ జనం చూస్తున్నారు. అవన్నీ ఇంజన్‌తో నడిచే బండ్లే. 2005లో ఆయన నడిపిన భారీ మూడు చక్రాల సైకిల్ గిన్నిస్‌కెక్కింది. వంకాయ కారుకు ఆర్టీఓ ప్లేటు అడిగేవారు లేరు, అది ఉండాల్సిన చోటు మ్యూజియమే. అదే నైపుణ్యంతో జనగామలో ఎవరైనా నలుగురు కూర్చునే మామూలు కారు కడితే మ్యూజియం తలుపూ తెరుచుకోదు, ఆర్టీఓ తలుపూ తెరుచుకోదు.

హైదరాబాద్‌లోని చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చారు. 1911లో ఆయన కన్నుమూయడంతో ఏడో నిజాం కాలంలో చేరింది. బాడీ లండన్ బార్కర్ కంపెనీది. రోల్స్‌రాయిస్ ప్రతి చాసిస్‌కూ కార్డు రాసి దాచింది కాబట్టి ఆ రోజుల్లో ఏ కారు ఎవరికి వెళ్లిందో నేటికీ తెలుస్తుంది. మన ఊళ్ల జీపుకు అలాంటి కార్డు లేదు. దాన్ని ఏ గనికి తోలారో, ఏ ఎన్నికలకు తిప్పారో, ఏ మేస్త్రీ ఏం మార్చాడో నోటిమాటగానే మిగిలింది. అందువల్ల బాగుచేసేవాళ్లు విప్పిన ప్రతి దశలో ఫొటో తీసి, ప్రతి బిల్లు ఫైల్లో పెట్టుకుంటే కమిటీ ముందు పనికొస్తుంది, ఈ ప్రాంతపు వర్క్‌షాపుల చరిత్రా నిలుస్తుంది.

కాగితం పుట్టని బండి చిక్కును బ్రిటన్ ఇంకోలా విప్పింది. ఇంట్లో కట్టిన ఒక్క బండిని కూడా బ్రేకులు, దీపాలు, స్టీరింగు, పొగ చూసి ఆమోదించే పరీక్ష అక్కడుంది. పుట్టుక, వయసు తేలని బండికి ‘క్యూ’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. చూసినవాళ్లకు అది కలగాపులగం బండని తెలుస్తుంది, యజమానికి రోడ్డు దక్కుతుంది. తిరిగి కట్టిన బండ్లకు చాలా ఏళ్లు మార్కుల పద్ధతి నడిపారు: చాసిస్‌కు 5, యాక్సిళ్లు, గేర్‌బాక్సు, స్టీరింగు, సస్పెన్షన్‌లకు రెండేసి, ఇంజన్‌కు 1. అసలు సామానుతో 8 మార్కులొస్తే పాత నంబరు నిలిచేది.

మన నిబంధనల్లోనూ మేస్త్రీకి చోటు లేకపోలేదు. ఆటోనగర్‌లో లారీ చాసిస్ మీద బాడీ కట్టినవాడు ఫారం 22ఏ మీద సంతకం పెడితే ఆ బాడీకి పూచీ ఆయనదే. ఇంట్లో బండి కట్టేవాడికి అలాంటి ఫారం ఒకటి, దాన్ని సరిచూడడానికి ఐటీఐ, పాలిటెక్నిక్ వర్క్‌షాపులను వాడుకునే ఏర్పాటు, వింటేజ్ కమిటీకి ఏడాదికి కొద్ది బండ్లను ఒప్పుకునే అధికారం ఇస్తే కొత్త చట్టమేమీ అక్కర్లేదు, నిబంధనల సవరణ సరిపోతుంది. అప్పటిదాకా నంబరు లేని బండిని రోడ్డెక్కిస్తే మొదటిసారి 5,000 రూపాయల దాకా జరిమానా. ప్రమాదం జరిగితే బీమా ఉండదు, నష్టపరిహారం చేతినుంచే కట్టాలి. భూపాలపల్లిలో కట్టిన కారు హైదరాబాద్ ప్రదర్శనకు వెళ్లాలంటే ప్రస్తుతానికి డీసీఎం వ్యానులో ఎక్కించి తీసుకెళ్లాలి.