యాస ఎవరిని నవ్విస్తుంది?

హాస్యానికి యాస ఒక్కటే చాలునన్న అభిప్రాయం మన నాటకరచయితలలో చాలామందికి ఉన్నది. పాత్రకు వేరొక గుణమేదీ కల్పించకపోయినా, పరప్రాంతపు పలుకుబడిని దాని నోట పెట్టినంత మాత్రాన సభ నవ్వుతుందని వారి నమ్మకం. అది ఎంతవరకు నిజమో తేల్చుకొనడానికి, ఒకప్పుడు బ్రిటన్‌లోని వినోదశాలలను అలరించిన మాండలిక ఏకపాత్రలు చక్కని నిదర్శనం.

పాటలు, నృత్యాలు, గారడీలు వరుసగా సాగే ఆ ప్రదర్శనలలో నటుడొక్కడే నిలిచి, పియానో మెల్లగా తోడు పలుకుతూండగా, పద్యరూపమైన కథను యాసలో వినిపించేవాడు. ఈ ప్రక్రియలో విశేషఖ్యాతి గడించినవాడు స్టాన్లీ హాలోవే (1890–1982). ఆయన స్వయంగా వ్రాసిన ఒక ఏకపాత్రలో నాయకుడు సామ్ అనే సామాన్య సైనికుడు. 1815 నాటి వాటర్లూ యుద్ధానికి ముందు సార్జెంటు అతని తుపాకిని క్రింద పడవేస్తాడు. పడవేసినవాడే తీయాలని సామ్ పట్టుపడతాడు. పై అధికారులందరూ వరుసగా వచ్చి ఆజ్ఞాపించినా కదలడు. చివరకు వెల్లింగ్టన్ ప్రభువే వచ్చి మంచిమాటగా అడిగితే గాని తుపాకి నేల విడువదు.

మారియట్ ఎడ్గర్ వ్రాయగా 1930లలో హాలోవే వినిపించిన మరొక కథలో, బ్లాక్‌పూల్‌కు విహారానికి వెళ్ళిన దంపతుల కొడుకును సింహం మ్రింగుతుంది. తప్పు ఎవరిదీ కాదనీ, వారికి మరల కొడుకులు కలుగవచ్చుననీ న్యాయాధికారి ఓదారుస్తాడు. సింహాలను మేపడానికా పిల్లలను కనడమని ఆ తల్లి మండిపడుతుంది.

ఈ రెండు కథలలోను నవ్వులపాలైనది లాంకషైర్ యాస కాదు. ఆజ్ఞలిచ్చేవారి హోదా, తీర్పు చెప్పేవారి నిర్లిప్తత. కథకుడు ఎక్కడా తాను నవ్వడు. యాస ఇక్కడ అలంకారం కాదు, లోకాన్ని చూచే చోటు. అయితే ఒక లోపాన్ని ఒప్పుకొనక తప్పదు. హాలోవే లండన్‌లో పుట్టినవాడు. ఎడ్గర్ స్కాట్లండ్‌లో పుట్టినవాడు. ఎరువు తెచ్చుకొన్న యాస ఒక్కొక్కప్పుడు ముద్రగా మారుతుంది. బిడ్డ పోయినా చలించనివారు ఉత్తరాదివారన్న అపోహకు రెండవ కథ కొంత తావిస్తుంది.

మన పిట్టలదొరను ఇక్కడ స్మరించడం అసందర్భం కాదు. కొయ్యతుపాకి భుజాన వేసుకొని, లేని సంపదలను ఏకరువు పెట్టే ఆ తెలంగాణ జానపద కళాకారుడు ఊరివారి భాషలోనే మాట్లాడతాడు. అతని కోతలలో గాలి పోయేది దొరతనానికే గాని ఊరి మాటకు కాదు.

కాబట్టి సామ్‌ను తెలుగులోనికి తెచ్చే అనువాదకుడు, ఏ యాసకు పాఠకులు ముందే నవ్వుతారో వెతకరాదు. ఏ యాసలో తాను అధికారికి తడుముకొనక ఎదురుచెప్పగలడో ఆ యాసను గ్రహించాలి. అది చేతకానప్పుడు మూలాన్ని ముట్టకుండుటే మర్యాద.