మిలికన్ వ్యాసమున ఒక వాక్యము

ఎలక్ట్రాన్ ఆవేశమును నూనెబిందువులతో కొలిచిన మిలికన్ ప్రయోగము పాఠ్యపుస్తకములలో సుప్రసిద్ధము. చికాగో విశ్వవిద్యాలయమున జరిపిన ఆ ప్రయోగముపై 1913లో వెలువడిన వ్యాసమున 58 బిందువుల కొలతలు కలవు. ఇవి ఏరి తీసినవి కావనియు, వరుసగా 60 దినములు పరీక్షించిన బిందువులన్నియు ఇవేననియు మిలికన్ వ్రాసెను. ఆ వాక్యము సత్యము కాదు.

ఆయన నోటుపుస్తకములను పరిశీలించిన అలన్ ఫ్రాంక్లిన్, ఆ కాలమున 107 బిందువులు పరీక్షింపబడినవని 1981లో తెలిపెను. విడిచిన 49లో కొన్నింటికి తగిన కారణములే కలవు. పనికివచ్చు కొలతలన్నింటిని చేర్చినను ఆవేశపు విలువ అంతగా మారదు. కనుక ప్రయోగమునకు లోటు లేదు. దానిని గూర్చి చెప్పిన మాటయే తప్పు. కారణము తెలిపి కొలతను విడుచుట దోషము కాదు. ఏదియు విడువలేదనుట దోషము.

ప్రయోగశాలలో రబ్బరు చేతబట్టిన విద్యార్థికి ఉపాధ్యాయుడు చెప్పవలసినదిదే: కుదరని కొలతను చెరిపివేయక, ప్రక్కన కారణము వ్రాయుము.