పూటల్లో దొరికే వేసవి

వేసవి సెలవులు పిల్లలకే. ఈమధ్య ఏళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 24న బడులు మూస్తే మళ్లీ జూన్ 12న తెరుస్తున్నారు. ఆ ఏడు వారాల్లో ఉద్యోగస్తుడికి ఒక్క రోజు కూడా కలిసిరాదు. అందుకే పెద్దయ్యాక చాలామందికి వేసవి అంటే ఏసీ గదిలోంచి ఏసీ గదిలోకి పరుగు, మధ్యలో ఉక్కపోత మీద విసుగు. నాకు అలా గడపడం ఇష్టం లేదు. మామిడిపండు, మల్లెపూలు, తాటిముంజలు, డాబా మీద నిద్ర ఏడాది మొత్తంలో కలిసి దొరికేది ఈ రెండు నెలలే. సెలవు లేదన్న సాకుతో వీటిని పోగొట్టుకోకూడదని నా పట్టుదల. పొద్దున కాసేపు, దారిలో కాసేపు, సాయంత్రం ఇంటికొచ్చాక కాసేపు. ఉద్యోగం చేసేవాడికి వేసవి ఇలా పూటల్లోనే దొరుకుతుంది, ఆ పూటలను వదలకుండా పట్టుకోవడం అలవాటుతోనే వస్తుంది.

ముందు మా అనకాపల్లి ఎండ సంగతి చెప్పాలి. రాయలసీమ ఎండలా ఇది మాడ్చే ఎండ కాదు, ఉడికించే ఎండ. ఫోన్‌లో చూస్తే 36 డిగ్రీలే ఉంటుంది, చొక్కా మాత్రం వీపుకి అతుక్కుపోతుంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట కారుతుందే గాని ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచలేదు. మైదానాల్లో 40 డిగ్రీలు చేరితే గాని వడగాడ్పుల మాట ఎత్తని వాతావరణ శాఖ, తీర ప్రాంతాల్లో 37 డిగ్రీలకే, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగితే, ఆ హెచ్చరిక చేస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే ఊరికి ప్రాణం లేచొస్తుంది. పడమటి గాలి గట్టిగా వీచిన రోజు ఆ చల్లగాలి ఒడ్డు దాటి లోపలికి రాదు. అలాంటి రోజే మాకూ మాడ్చే ఎండ ఎలా ఉంటుందో తెలిసొస్తుంది.

ఈ గాలుల తేడాని ఇంట్లో అందరికంటే ముందు పసిగట్టేది మంచినీళ్ల కుండ. కుండలో నీళ్లు సన్నటి రంధ్రాల్లోంచి బయటికి చెమర్చి, ఆవిరవుతూ లోపలి నీళ్లలోని వేడిని లాక్కుపోతాయి. ఒక్క గ్రాము నీరు ఆవిరవ్వడానికి దాదాపు 580 కేలరీల వేడి కావాలి. అంటే చెంచాడు నీళ్లు ఆరిపోతే చాలు, గ్లాసెడు నీళ్లకి తేడా తెలుస్తుంది. గాలి తేమగా ఉన్న రోజు మన చెమటలాగే కుండ చెమటా ఆరదు, నీళ్లు ఓ మోస్తరు చల్లగానే ఉంటాయి. పొడిగా పడమటి గాలి కొట్టిన రోజు మాత్రం గొంతులోంచి గుండె దాకా చల్లదనం తెలుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే కుండ అంత చల్లబడుతుంది. ఇది తెలిసినప్పటి నుంచీ పడమటి గాలి రోజు ఇంటికొచ్చి చొక్కా విప్పకుండా ముందు కుండ దగ్గరికే వెళ్తాను.

కుండ కొనడం దగ్గర తొందర పనికిరాదు. వేలి కణుపుతో కొట్టి చూడాలి. కంగుమని మోగాలి, బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టే. తెచ్చాక ఒక రోజంతా నీళ్లలో నాననిచ్చి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ నింపాలి. సబ్బు పెట్టి తోమకూడదు, కొబ్బరి పీచు చాలు. కుదురు మీద కాకుండా తడి ఇసుక మీద పెడితే అడుగు కూడా చల్లగా ఉంటుంది. గాలి ఆడే చోట, నీడలో ఉండాలి. గుప్పెడు వట్టివేళ్లు శుభ్రంగా కడిగి అందులో వేస్తే ఆ వాసన కోసమైనా ఇంకో గ్లాసు తాగుతాం. కుండ ఏడాదికొకటి మార్చాల్సిందే. నీళ్లలోని ఉప్పు పేరుకుని రంధ్రాలు మూసుకుపోతే చల్లదనం తగ్గిపోతుంది.

పొద్దున్నే చోడి అంబలి, అదే రాగి అంబలి. రాత్రి చోడి పిండి నీళ్లలో కలిపి ఉంచితే తెల్లారేసరికి సన్నగా పులుస్తుంది. నూకలు ఉడుకుతుండగా దాన్ని పోసి, అడుగంటకుండా కలిపి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ. పొలానికి పోయేవాళ్ల తిండి ఇది. విశాఖపట్నం పోయే పాసింజరు కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడే నాబోటివాళ్లకీ సరిగ్గా సరిపోతుంది. తాడి, దువ్వాడ దాటేసరికి పెట్టెలో జనం పెరిగి గాలి ఆడదు. అప్పుడు కడుపులో ఇడ్లీ, పూరీ కంటే అంబలి ఎంత హాయో తాగినవాళ్లకే తెలుసు.

తాటిముంజల కోసం మాత్రం దారిలో ఆగాల్సిందే, ఇంటికి తెప్పించుకుంటే ఆ రుచి రాదు. ఏప్రిల్ నుంచి జాతీయ రహదారి పక్కన తాటాకు నీడ వేసుకుని, గెలలు కుప్ప పోసుకుని అమ్మేవాళ్లు కూర్చుంటారు. నేను వెళ్లే చోట ఒక పెద్దామె ఉంటుంది.

“ఏటప్పా, లేతవేనా?” అంటాను.

“ముదురుకాయ నీకిస్తానేటి బాబూ, కూకో” అంటుంది.

ఆమె చేతి పని చూస్తూ నిలబడటం నాకు ముంజ తిన్నంత ఇష్టం. కాయని ఎడమ అరచేతిలో పట్టుకుని తలకాయ వైపు కత్తితో ఒక్క వేటు. మూడు కళ్లూ తెరుచుకుంటాయి. కత్తి లోతుగా దిగితే ముంజ తెగి నీళ్లు పోతాయి, పైపైనే తగిలితే నోరు తెరుచుకోదు. వెంట్రుకవాసి తేడా. తర్వాత కత్తి మొనతో చుట్టూ తిప్పి ముంజని చిట్లకుండా తాటాకు దొన్నెలోకి దింపుతుంది. పైన వగరు పొర వేళ్లతో ఒలుచుకోవాలి. లోపల తెల్లగా, మెత్తగా, నొక్కితే కదిలే నీళ్లు. కొరక్కుండా ముంజ మొత్తం నోట్లో వేసుకుని నాలుకతో అదిమితే ఆ నీళ్లు ఒక్కసారిగా వస్తాయి. కొరికారా, సగం చొక్కా పాలే. చిన్నపిల్లలు పక్కనే నిలబడి రెండు ఖాళీ కాయలకి పుల్ల గుచ్చి బండి చేసుకుంటూ ఉంటారు. ముంజ ముదిరితే మళ్లీ మెత్తబడదు. వచ్చేవారం చూద్దాంలే అనుకుంటే కాయ గట్టిపడిపోతుంది. అందుకే ఆఫీసు పని ఎంత ఉన్నా మే నెలలో ఈ ఒక్క ఆలస్యం నాకు నేనే మంజూరు చేసుకుంటాను.

బెల్లం ఊళ్లో పుట్టి పానకం ఒక్క శ్రీరామనవమి నాడే తాగడం నాకు అన్యాయంగా తోస్తుంది. చెరకు గానుగలు ఆడి కొత్త బెల్లం దిమ్మలు మార్కెట్ నిండా ఉండే కాలం దాటకముందే ఎండలు మొదలవుతాయి. 1913 నుంచి చెరకు పరిశోధన సాగుతున్న ఊరు మాది, బెల్లం చూసి కొనడం మాకు చిన్నప్పటి నుంచే వస్తుంది. పానకానికి నిగనిగలాడే పసుపు బెల్లం తీసుకోకండి, ఆ రంగు కోసం చాలాచోట్ల హైడ్రోస్ కలుపుతారు. ముదురు రంగు బెల్లం చూడటానికి బాగోకపోవచ్చు, పానకంలో రుచి దానిదే. ఒక వంతు బెల్లానికి నాలుగు వంతులు కుండ నీళ్లు. దంచిన మిరియాలు, ఏలకులు, చిటికెడు శొంఠి. వడగట్టి కాసేపు ఆగి తాగాలి, మిరియం ఘాటు దిగాలి కదా. మధుమేహం ఉన్నవాళ్లు మజ్జిగతో సరిపెట్టుకోవాలి.

సాయంత్రాలకి ఉగాది ముందటి కొత్త అమావాస్య నుంచి నెల్లాళ్లు గవరపాలెం నూకాలమ్మ జాతర ఉండనే ఉంది. ఆదివారం కాలు పెట్టే చోటు ఉండదు. రద్దీ తక్కువున్న రోజుల్లో పని నుంచి వచ్చి, స్నానం చేసి, పిల్లలతో నడుచుకుంటూ వెళ్తే దర్శనమూ అవుతుంది, గాజులూ మరమరాలూ కొనుక్కోవడమూ అవుతుంది. జాతర అయ్యాక డాబా. పగలంతా ఎండ తాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. పొద్దు వాలగానే బట్టలు జాడించిన నీళ్లు దాని మీద చల్లితే ఆ వేడి చాలామటుకు ఆవిరితో పోతుంది. అన్నాలయ్యాక మడత మంచం వేసుకుంటే సముద్రం వైపు నుంచి గాలి వస్తుంది.

ఈ హాయి అంతా నాకు పూటలుగా దొరుకుతోంది, ఎందుకంటే నా మధ్యాహ్నం ఫ్యాను కింద గడుస్తుంది. మిట్టమధ్యాహ్నం బెల్లం దిమ్మలు మోసేవాళ్లకి, తోపుడుబండి తోసేవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. 2015 మే నెల వడగాడ్పుల్లో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండలో పని చేస్తే గాని పూట గడవనివాళ్లు, వయసు మీదపడినవాళ్లే వాళ్లలో ఎక్కువ. ఇది తలుచుకున్నాక నా కుండ ఇంట్లో మాత్రమే చల్లగా ఉంటే సరిపోదనిపించింది.

మా గేటు బయట వేపచెట్టు కింద ఇంకో కుండ పెట్టాం. చెయ్యి ముంచకుండా పొడుగు కాడ గరిటె, మూత, గొలుసుతో కట్టిన గ్లాసు. పొద్దున ఒకసారి, పదకొండింటికి ఇంకోసారి నింపాలి. నేను ఊళ్లో లేని వేళ పక్కింటి అత్తయ్యగారు ఆ పని చూస్తారు. ఆదివారం అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ పోస్తాం. రోహిణి కార్తె దగ్గర పడుతోంది. ఇప్పటికే రెండింటికల్లా కుండ అడుగంటుతోంది, అందుకే ఈ వారం సంతలో చెట్టు కిందికి రెండో కుండ కొంటున్నాను.