ఒల్బియా ద్వారములు: హెరొడోటస్ చెప్పిన స్కైలెస్ కథపై ఒక విమర్శ

కొలొస్సయి పత్రిక 3:11లోని 'సిథియనుడు' అను మాటకు "అనాగరికులలోకెల్ల అనాగరికుడు" అని అర్థము చెప్పుట పరిపాటి. మన ప్రసంగములలో అతడు దాదాపు అడవి మనిషి. ఇందుకు ఆధారముగా హెరొడోటస్ చరిత్రలోని నాలుగవ గ్రంథమును చూపుదురు. ఆ గ్రంథమునే మరికొంత శ్రద్ధగా చదువవలసియున్నది.

ఒల్బియా నల్లసముద్రపు ఉత్తర తీరమున, నేటి ఉక్రెయిన్‌లో కలదు. క్రీ.పూ. 6వ శతాబ్దములో మిలేతువారు (పౌలు ఎఫెసు పెద్దలను పిలిపించిన మిలేతే) స్థాపించిన ఓడరేవు ఇది. సిథియ రాజైన స్కైలెస్ తల్లి ఇస్త్రియ పట్టణపు గ్రీకు స్త్రీ; కుమారునికి గ్రీకు చదువు నేర్పినది ఆమెయే. అతడు సైన్యమును బయట నిలిపి, ఒల్బియాలో ప్రవేశించి, ద్వారములు మూయించి, గ్రీకు వస్త్రములతో నెల రోజులో అంతకెక్కువో గడిపెడివాడు. అక్కడ ఇల్లు కట్టి, భార్యను కూడ చేర్చుకొనెను. చివరకు డయొనైసస్ ఆరాధనలో పూనకముతో ఊగుచుండగా, ఒక పట్టణస్థుడు సిథియ ప్రముఖులను రహస్యముగా బురుజు ఎక్కించి చూపించెను. తిరుగుబాటు లేచెను. థ్రేసుకు పారిపోయిన రాజును అతని సహోదరుడు ఒక్టమసడేస్ పట్టుకొని శిరచ్ఛేదము చేయించెను.

కథనము అద్భుతము. అయితే సిథియనులు పరాచారములను ద్వేషింతురనుటకు ఇది దృష్టాంతమని హెరొడోటస్ ఇచ్చిన తీర్పును కథయే పూర్తిగా సమర్థించదు. రాజు తండ్రి గ్రీకు స్త్రీని వివాహమాడినందుకు ఎవరును ఆక్షేపించినట్లు లేదు. గుట్టు బయటపెట్టినవాడు ఒల్బియా వాసియే. పైగా సిథియనుల అభ్యంతరము గ్రీకు భాషపై కాదు, వస్త్రములపై కాదు. మనుష్యులకు మతి పోగొట్టు దేవుని వెదకుట తగదని వారి వాదన. వేదాంత విద్యార్థులు దీనిని తేలికగా తీసివేయరాదు! అంతేకాక, ఒల్బియా పొరుగుననే కల్లిపిదయి అను 'గ్రీకు సిథియనులు' ధాన్యము, ఉల్లి, వెల్లుల్లి, చిరుశనగ పండించి తినుచుండిరని ఇదే గ్రంథము 17వ అధ్యాయములో అతడే వ్రాసెను. స్కైలెస్ కథను ఉదహరించువారు ఈ అధ్యాయమును సాధారణముగా దాటిపోవుదురు.

క్రీ.శ. 1వ శతాబ్దపు చివర ఒల్బియాను గూర్చి ప్రసంగించిన డియో క్రిసోస్తొమ్ (సంఘపితయైన క్రిసోస్తొమ్ కాడు) సాక్ష్యము మన పత్రిక కాలమునకు మరింత దగ్గర. గేతులు పాడుచేసిన పట్టణము తిరిగి కట్టబడుటకు, గ్రీకులతో వ్యాపారము కావలెనని సిథియనులే సమ్మతించిరని అతని అభిప్రాయము. అక్కడ అతడు కలిసికొన్న యౌవనస్థుడు కల్లిస్త్రతస్ గ్రీకువాడు, హోమరునియందు మక్కువ గలవాడు. అయినను ధరించినది సిథియనుల షరాయి.